వీధి మిగిలింది, మనుషులు వెళ్లిపోయారు

ఢాకా నగరానికి ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్లు దాటాక సోనార్‌గావ్ వస్తుంది. నారాయణ్‌గంజ్ జిల్లాలోని ఆ చిన్న పట్టణంలో పానామ్ నగర్ అనే వీధి ఒకటి ఉంది. పొడవు సుమారు 600 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. ఉత్తరం వైపు 31, దక్షిణం వైపు 21, మొత్తం 52 ఇళ్లు. ఒక అంతస్తు నుంచి మూడు అంతస్తుల దాకా, ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన ఇటుక మేడలు. కమానుల మీద సున్నపు పనితనం, స్తంభాల మీద పగిలిన పింగాణీ పెంకులు అతికి చేసిన ‘చినీ టిక్రీ’ అలంకరణ, పోత ఇనుముతో చేసిన కిటికీ ఊచలు, ఇళ్ల వెనుక కాలువలు, పెరటి బావులు. టికెట్టు కొని లోపలికి వచ్చే సందర్శకులు ఈ వీధిని చూసి ముచ్చటపడతారు, ఫొటోలు తీసుకుంటారు, సాయంత్రానికి వెళ్లిపోతారు.

వీధికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. కాపురాలు మాత్రం లేవు. 52 ఇళ్లలో ఏ ఒక్కటీ కట్టినవారి వారసుల చేతిలో లేదు. ఆ ఇళ్లను భూకంపం ఖాళీ చేయలేదు, వరద ఖాళీ చేయలేదు. ఒక ఆర్డినెన్సు ఖాళీ చేసింది.

పాత పట్టణాల ప్రధాన వీధుల గురించి మాట్లాడేటప్పుడు అందం గురించిన మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. చెక్క తలుపుల చెక్కడం, రంగు వెలిసిన గోడలు, రాళ్లు పరిచిన బాట, తీరిక. ఇవన్నీ నిజమే. అయితే దక్షిణాసియాలో ఇలాంటి వీధి ఎక్కడ మిగిలినా, అది ఎలా పుట్టిందో, ఎందుకు ఖాళీ అయిందో విచారిస్తే దారి తిన్నగా రాజకీయ చరిత్రలోకే తీసుకుపోతుంది. బంగ్లాదేశ్‌లోని పానామ్, పాకిస్థాన్‌లోని శికార్‌పూర్, నేపాల్‌లోని బందీపూర్, భారతదేశంలోని హంపి. ఈ నాలుగు వీధులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ అందాన్ని నిలబెట్టింది ఎవరో, దూరాన ఉన్న రాజధానుల్లో జరిగిన నిర్ణయాలు దాన్ని ఎలా చెదరగొట్టాయో తెలుస్తుంది.

కింద కొట్టు, పైన కాపురం

పెద్ద బజారు, అంగడి వీధి, రథవీధి, మెయిన్ బజారు. ఏ పేరుతో పిలిచినా ఉపఖండపు పాత వాణిజ్య వీధికి ఒక సామాన్య లక్షణం ఉంది. కింద కొట్టు, పైన లేదా వెనుక కాపురం. వీధి వైపు ముఖం ఎంత ఎక్కువ ఉంటే వ్యాపారానికి అంత లాభం కనుక ఆ జాగాకు విలువ ఎక్కువ. అందుకే ఇళ్లు ముందు వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా పెరుగుతాయి. పక్క ఇంటి గోడే తన గోడ. ఎదురెదురు మేడల నీడ ఇరుకు బాటను మధ్యాహ్నపు ఎండ నుంచి కాపాడుతుంది. అరుగు సగం ఇంటిది, సగం వీధిది. బేరానికి వచ్చినవాడు, బడలి కూర్చున్నవాడు, వార్త మోసుకొచ్చినవాడు, అందరికీ అదే ఆసనం.

ఈ నిర్మాణం నిలబడటానికి ఇటుక, సున్నం చాలవు. అరువు కావాలి. దూరప్రాంతం నుంచి వచ్చిన అపరిచితుడికి సరుకు అప్పుగా ఇచ్చి, వచ్చే పంటకో వచ్చే సంతకో తిరిగి వస్తుందని నమ్మగలగాలి. భిన్న మతాల, కులాల వారు కొనుగోలుదారులుగా, చేతిపనివారుగా, బండి తోలేవారుగా, గుమాస్తాలుగా ఒకే బాట మీద రోజూ ఎదురుపడాలి. ఈ సహవాసం సమానత్వం మీద నిలిచినది కాదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఎవరు మేడ కట్టవచ్చో, ఎవరు వీధి చివర గుడిసెలో ఉండాలో, ఎవరు అరుగు ఎక్కకూడదో కులమూ సంపదా నిర్ణయించాయి. అయినా ఆ వీధిలో ఒకరి అవసరం మరొకరికి ఉండేది. ఆ అవసరం ఉన్నంత కాలం గోడలకు సున్నం పడింది, తలుపులకు నూనె పూశారు.

మస్లిన్ నేలపై మాంచెస్టర్ సరుకు

సోనార్‌గావ్‌కు సంస్కృతంలో సువర్ణగ్రామమని పేరు. 1346లో ఇబ్న్ బతూతా ఇక్కడికి వచ్చినప్పుడు రేవులో జావాకు వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది. 1586లో వచ్చిన ఆంగ్లేయ వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ భారతదేశం మొత్తంలో అతి శ్రేష్ఠమైన నూలు వస్త్రం ఇక్కడిదేనని రాసుకున్నాడు. మొగలులను ఎదిరించిన బారో భూయాల నాయకుడు ఈసా ఖాన్‌కు ఇది రాజధాని. షేర్ షా వేయించిన మహామార్గానికి తూర్పు కొస ఇదే. 1610లో మొగలులు తమ బెంగాల్ రాజధానిని ఢాకాకు మార్చాక సోనార్‌గావ్ ప్రాభవం తగ్గింది. మగ్గాలు మాత్రం ఆగలేదు.

వాటిని ఆపినది బ్రిటిష్ పాలన. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుల నుంచి వచ్చిన చవక గుడ్డ ముందు ఢాకా మస్లిన్ నిలవలేకపోయింది. పానామ్ వీధిలోని మేడలు లేచింది సరిగ్గా ఆ తరువాతే. శాశ్వత శిస్తు విధానం వల్ల చేతిలో భూమి, డబ్బు చేరిన హిందూ తాలూక్‌దార్లు, వర్తకులు ఇక్కడ కేంద్రం ఏర్పరచుకుని విదేశీ మిల్లు గుడ్డ వ్యాపారం చేశారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వారు కట్టుకున్న ఇళ్లే నేడు కనిపించేవి. యూరోపియన్ స్తంభం, మొగలు కమాను, బెంగాలీ లోగిలి ఒకే ఇంట్లో కలిసిపోవడం ఆ కాలపు వర్తకుల రుచి. ప్రపంచం మెచ్చిన మస్లిన్ నేసిన నేల మీద, ఆ నేతను చంపిన గుడ్డ అమ్మిన లాభంతో ఈ అందం లేచింది. పానామ్‌ను చూసి మురిసేవారు ఈ మొదటి విషాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1947 విభజన ఈ వీధిని ఒక్కసారిగా ఖాళీ చేయలేదు. పంజాబ్‌లో జనం కొన్ని నెలల్లోనే అటూ ఇటూ మారిపోతే, బెంగాల్‌లో వలస ఏళ్ల తరబడి విడతలు విడతలుగా సాగింది. కొందరు కలకత్తాలో ఒక ఇల్లు చూసుకుని, ఇక్కడ ఒక ఇల్లు ఉంచుకుని రోజులు గడిపారు. కొందరు ముసలివారిని ఇంటి కాపలాకు వదిలి పిల్లలను పంపేశారు. సరిహద్దు ఇంకా పూర్తిగా మూతపడని కాలం అది.

1963 డిసెంబరు 27న శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో ప్రవక్త పవిత్ర కేశం కనిపించకుండా పోయింది. 1964 జనవరి 4న అది తిరిగి దొరికింది. కశ్మీర్‌లో మతాలకు అతీతంగా జనం వీధుల్లోకి వచ్చారు. అక్కడ మతకల్లోలం జరగలేదు. కల్లోలం ఉపఖండం ఆ కొసన, తూర్పు పాకిస్థాన్‌లోని ఖుల్నాలో మొదలైంది. కలకత్తాలో ముస్లింలపై ప్రతిదాడులు జరిగాయి. ఆ వార్తలు తిరిగి ఢాకా, నారాయణ్‌గంజ్‌లకు చేరి అక్కడ హిందువులపై మరింత పెద్ద దాడులకు కారణమయ్యాయి. అమితావ్ ఘోష్ 1988లో ప్రచురించిన ‘ది షాడో లైన్స్’ నవలకు మూలం ఈ అల్లర్లే. రెండు వేల కిలోమీటర్ల దూరంలో జరిగిన ఒక ఘటన పానామ్ వర్తకుల ఇళ్లకు తాళాలు వేయించింది.

తాళం వేసినవాడు మళ్లీ వస్తాననుకునే వేస్తాడు. ఆ అవకాశాన్ని మూసేసింది చట్టం. 1965 సెప్టెంబరు 6న, భారత్‌తో యుద్ధం మొదలైనప్పుడు, అయూబ్ ఖాన్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి పాకిస్థాన్ రక్షణ ఆర్డినెన్సు తెచ్చింది. దాని నిబంధనల కింద భారత్‌లో ఉంటున్నవారి ఆస్తులు ‘శత్రు ఆస్తులు’ అయ్యాయి. యుద్ధం 17 రోజుల్లో ముగిసింది. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ఒప్పందంలో, పోరాటం సందర్భంగా స్వాధీనం చేసుకున్న ఆస్తుల వాపసు గురించి చర్చించుకోవాలని రెండు దేశాలూ అంగీకరించాయి. వాపసు మాత్రం జరగలేదు. అన్నదమ్ములలో ఒకరు సరిహద్దు దాటితే ఉమ్మడి ఆస్తి మొత్తం జాబితాకెక్కిన ఉదంతాలు తూర్పు బెంగాల్ అంతటా ఉన్నాయి. ఇంట్లోనే ఉన్నవాడు కూడా కాగితం మీద శత్రువయ్యాడు.

1971లో పాకిస్థాన్ నుంచి విడిపోయి, లౌకికవాదాన్ని రాజ్యాంగ మూలసూత్రంగా ప్రకటించుకున్న బంగ్లాదేశ్ ఈ చట్టాన్ని రద్దు చేస్తుందని అందరూ ఆశించారు. 1974లో పేరు మారింది. శత్రు ఆస్తి ‘అర్పిత సంపత్తి’ అయింది. అంటే ప్రభుత్వానికి దఖలు పడిన ఆస్తి. ఏ దేశపు సైన్యం పక్కన నిలబడి విముక్తి యుద్ధం గెలిచారో, ఆ దేశానికి వెళ్లిన సొంత పౌరుల ఇళ్లు మాత్రం రాజ్యం చేతిలోనే ఉండిపోయాయి. వాపసు చట్టం రావడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. ఆ తరువాత కూడా సవరణలు, ట్రిబ్యునళ్లు, దస్తావేజుల కోసం తిరుగుళ్లతో అది నత్తనడక నడిచింది.

ఈ లోపు పానామ్ ఇళ్లను ప్రభుత్వం లీజుకు ఇచ్చింది. లీజుకు తీసుకున్నవారు పేదవారు. పదేళ్లకో పదిహేనేళ్లకో గడువు తీరే ఇంటి కప్పుకు ఎవరూ సొంత డబ్బు పెట్టరు. కిటికీ ఊచలు, తలుపులు ఒక్కొక్కటిగా పోయాయి. గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. 2003లో పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చాక, ఆ కుటుంబాలనూ ఖాళీ చేయించారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2006లోనూ 2008లోనూ ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలో ఈ వీధిని చేర్చింది. యజమానులను ఒక చట్టం పంపించింది, అద్దెదారులను మరొక చట్టం పంపించింది. మిగిలినది సందర్శన స్థలం.

అద్దంలో ఇదే ముఖం

ఇదంతా పొరుగు దేశపు పాపమని భారతీయ పాఠకుడు నిట్టూర్చి ఊరుకోవడానికి లేదు. భారత ప్రభుత్వం కూడా యుద్ధకాలపు నిబంధనల కింద పాకిస్థాన్ వెళ్లినవారి ఆస్తులను స్వాధీనం చేసుకుని, 1968లో శత్రు ఆస్తుల చట్టం చేసింది. లక్నోలోని ప్రసిద్ధ వాణిజ్య వీధి హజ్రత్‌గంజ్‌లో మహ్మూదాబాద్ రాజా కుటుంబానికి చెందిన భవనాలు, దుకాణ సముదాయాలు ఈ చట్టం కిందికి వచ్చాయి. రాజా 1957లో పాకిస్థాన్ పౌరసత్వం తీసుకున్నారు. ఆయన భార్య, కుమారుడు భారత పౌరులుగానే ఇక్కడ ఉండిపోయారు. దశాబ్దాల న్యాయపోరాటం తరువాత, 2005లో సుప్రీంకోర్టు ఆ కుమారుడి పక్షాన తీర్పు ఇచ్చింది. భారత పౌరుడు శత్రువు కాలేడన్నది దాని సారం.

2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. వారసుడు భారత పౌరుడే అయినా శత్రు ఆస్తి మీద వారసత్వ హక్కు ఉండదని, ఈ నిబంధన పాత తేదీ నుంచే వర్తిస్తుందని ప్రకటించింది. తీర్పు ఫలితం చేతికి అందినట్టే అంది జారిపోయింది. తాతలు చేసిన నిర్ణయానికి మనవలు తమ పౌరసత్వంతో మూల్యం చెల్లించాలా అన్న ప్రశ్న ఢాకాలో ఎంత సబబో ఢిల్లీలోనూ అంతే సబబు. ఒకచోట బాధితుడు హిందువు, మరొకచోట ముస్లిం. చట్టం భాష మాత్రం ఒక్కటే.

హుండీ చెల్లిన బజారు

పానామ్‌ను ఖాళీ చేయడానికి దాదాపు ఇరవై ఏళ్లు పడితే, సింధ్‌లోని శికార్‌పూర్ కొన్ని నెలల్లోనే ఖాళీ అయింది. 1617లో దావూద్‌పోత్రాలు స్థాపించిన ఈ పట్టణం బోలాన్ కనుమ మీదుగా కాందహార్ వెళ్లే దారిలో ఉంది. దుర్రానీల కాలంలో ఇక్కడి హిందూ వడ్డీ వ్యాపారులు ఆఫ్ఘనిస్థాన్ నుంచి మధ్య ఆసియా దాకా సామ్రాజ్యాలకు, బిడారులకు పెట్టుబడి పెట్టారు. వారు రాసిచ్చిన హుండీ బుఖారాలో చెల్లేది. 1832లో బుఖారా వెళ్తూ కాబూల్‌లో ఆగిన బ్రిటిష్ అధికారి అలెగ్జాండర్ బర్న్స్‌కు అక్కడి హిందూ వర్తకులు రష్యాలోని ఆస్ట్రాఖాన్‌లో సైతం సొమ్ము చేసుకోగల హుండీలు ఇస్తామన్నారు. తరువాతి కాలంలో వీరే ‘ముల్తానీలు’ అన్న పేరుతో బొంబాయి, మద్రాసుల్లో హుండీ వ్యాపారం నడిపారు.

ఈ ధనమంతా తిరిగి వచ్చి చేరింది ఊరి నడుమ ఢక్ బజారులో, చుట్టూ ఉన్న మేడల్లో. ఢక్ బజారంటే పైకప్పు వేసిన పొడవాటి వీధి. సింధ్ ఎండ నుంచి కొన్నవాడినీ అమ్మినవాడినీ అది ఒకే నీడన నిలబెట్టేది. చుట్టుపక్కల ఇళ్లకు చెక్కడపు టేకు బాల్కనీలు, రంగు అద్దాలు. 1917 విప్లవంతో మధ్య ఆసియాలో వ్యాపారం పోయినా ఈ కుటుంబాలు కొత్త దారులు వెతుక్కున్నాయి. చరిత్రకారుడు క్లాడ్ మార్కోవిట్స్ సింధ్ వర్తకుల జాలాన్ని బుఖారా నుంచి పనామా దాకా గుర్తించారు.

1947 చివరికి, 1948 మొదటికి ఈ కుటుంబాల్లో అత్యధికం ఓడలెక్కి బొంబాయి చేరాయి. కళ్యాణ్ దగ్గరి సైనిక శిబిరం శరణార్థుల తావై, ఆ తరువాత ఉల్హాస్‌నగర్ అనే పట్టణంగా మారింది. ఆస్ట్రాఖాన్ దాకా పరపతి ఉన్నవారి వారసులు బ్యారక్‌లలో గోనె తెరలు కట్టుకుని కొత్త జీవితం మొదలుపెట్టారు. అటు శికార్‌పూర్‌లో వారి మేడలు భారతదేశం నుంచి వెళ్లిన శరణార్థులకు కేటాయించబడ్డాయి. ఒక కుటుంబం ఉన్న మేడలోకి నాలుగు కుటుంబాలు వచ్చాయి. వారూ తమ ఇళ్లు పోగొట్టుకున్నవారే. టేకు బాల్కనీని కాపాడే స్తోమత గాని, దాని మీద మమకారం గాని వారికి లేకపోవడం తప్పు కాదు. కాలక్రమంలో తలుపులు, దూలాలు విడదీసి పాత సామాన్ల వ్యాపారులకు అమ్ముకోవడం సాధారణమైంది. 1994 నాటి సింధ్ సాంస్కృతిక వారసత్వ చట్టం కింద వెయ్యికి పైగా భవనాలను జాబితాలో చేర్చారు. జాబితా మందంగానే ఉంది. వీధి పలచబడుతూ వచ్చింది.

రహదారి దాటిపోయిన ఊరు

వీధులను ఖాళీ చేసేది మతవిద్వేషం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అభివృద్ధి కూడా ఆ పని చేస్తుంది. నేపాల్‌లోని తనహూ జిల్లాలో, కొండ భుజం మీద వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న బందీపూర్ అందుకు నిదర్శనం. ఇది మొదట మగర్ల పల్లె. పద్దెనిమిదో శతాబ్దం చివర పృథ్వీనారాయణ్ షా ఖాట్మండు లోయను జయించాక, భక్తపూర్ నుంచి నేవార్ వర్తకులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. కింద తరాయి అడవుల్లో మలేరియా భయం. కొండ మీద ఆ భయం లేదు. భారత్, టిబెట్‌ల మధ్య నడిచిన సరుకుకు బందీపూర్ మజిలీ అయింది. పలక రాళ్లు పరిచిన బజారు, కింద కొట్టు, పైన కాపురం, చెక్కడపు కిటికీలు.

1950వ దశకంలో మొదలైన మలేరియా నిర్మూలన తరాయిని నివాసయోగ్యం చేసింది. లక్షల ప్రాణాలు నిలిపిన ఆ కార్యక్రమమే బందీపూర్ వర్తకులను కిందికి, నారాయణ్‌ఘాట్ వైపు దింపింది. జిల్లా కేంద్రం దమౌలీకి తరలింది. 1970ల తొలి సంవత్సరాల్లో చైనా సహాయంతో పూర్తయిన ఖాట్మండు–పోఖరా రహదారి కొండ కిందనున్న డుమ్రే మీదుగా పోయింది. మజిలీ అక్కరలేనిదైంది. ఎవరూ ఎవరినీ తరమకుండానే వీధి నిశ్శబ్దమైంది.

బందీపూర్ కథ అక్కడితో ముగియలేదు. పాత ఇళ్లు పడిపోకముందే స్థానికులు వాటిని బాగుచేసి అతిథి గృహాలుగా మార్చారు. బజారులోకి వాహనాలు రాకుండా నిషేధించారు. రహదారి దాటిపోవడం వల్లనే పాత వీధి చెక్కుచెదరలేదన్న సంగతి ఆలస్యంగా అర్థమై, దాన్నే జీవనాధారం చేసుకున్నారు. పర్యాటకుల మీద మాత్రమే బతికే వీధికి దాని పెళుసుతనం దానికుంటుంది. అయినా ఇక్కడ నిర్ణయం ఆ ఇళ్లవారిది, ఆదాయమూ చాలావరకు వారిదే. పానామ్‌కూ బందీపూర్‌కూ తేడా ఇటుకలో లేదు, పట్టాలో ఉంది.

విరూపాక్షుని వీధి

నాలుగో వీధి తెలుగువారికి పరాయిది కాదు. హంపి విరూపాక్షాలయం ముందున్న రథవీధి దాదాపు ముప్పావు కిలోమీటరు పొడవున, రెండు వైపులా రాతి మండపాల వరుసలతో, తూర్పు కొసన ఏకశిలా నంది దాకా సాగుతుంది. ‘ఆముక్తమాల్యద’ రాసిన కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా 1510లో ఈ ఆలయానికి రంగమండపం కట్టించాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్, యాత్రికులు దిగే వరండాల ఇళ్లతో ఉన్న ఈ వీధి అందాన్ని ప్రత్యేకంగా వర్ణించాడు. 1565 తరువాత నగరం పాడుబడింది. విరూపాక్షుని పూజ మాత్రం ఆగలేదు. ఏటా రథం ఈ వీధిలోనే నడిచింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ మండపాల్లోకి మళ్లీ జనం చేరారు. రాతి స్తంభాల మధ్య గోడలు కట్టుకుని కాపురాలు పెట్టారు. కొబ్బరికాయలు, అరటిపళ్లు, ఇడ్లీలు, బట్టలు అమ్ముకున్నారు. యాత్రికులకు గదులు అద్దెకిచ్చారు. 1986లో హంపి ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. దగ్గరలో వంతెనల నిర్మాణం వల్ల 1999లో ‘ప్రమాదంలో ఉన్న’ జాబితాకెక్కి 2006లో బయటపడింది. 2011 జులై చివర, అక్రమ కట్టడాల తొలగింపు పేరుతో బుల్డోజర్లు వచ్చాయి. ఒక్క రోజు ముందు చెప్పి, వందలాది మంది ఇళ్లను, కొట్లను కూల్చివేశారు. పునరావాసానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపుర దగ్గర స్థలం చూపించారు.

పురావస్తు అధికారుల వాదనలో పస లేకపోలేదు. పదహారో శతాబ్దపు స్తంభాలకు సిమెంటు గోడలు అతికించడం, వాటి మీద అంతస్తులు లేపడం కట్టడానికి హాని. దాన్ని అదుపు చేయవలసిందే. అయితే ఆ వీధి స్వభావం ఏమిటన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. పాయెస్ చూసింది ఖాళీ మండపాలను కాదు. జనంతో, సరుకుతో, యాత్రికులతో కిక్కిరిసిన బజారును. దాన్ని యథాతథంగా కాపాడే పేరుతో, దానిలో యథార్థమైన భాగాన్నే తొలగించారు. పానామ్‌లో శత్రుత్వం చేసిన పనిని హంపిలో వారసత్వ సంరక్షణ చేసింది.

ఏది వారసత్వం?

భారతదేశంలో పురాతన కట్టడాల రక్షణకు 1958 నాటి చట్టం ఉంది. 2010 సవరణతో రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అయ్యాయి. గుడికి, కోటకు, సమాధికి పనికొచ్చే ఈ కొలత బజారు వీధికి సరిపోదు. వీధి ఒక కట్టడం కాదు కనుక. అది వందమంది యజమానుల, రెండు వందల మంది అద్దెదారుల, లెక్కలేనంత మంది తోపుడు బండ్లవారి ఉమ్మడి వ్యవహారం. చట్టం గుర్తిస్తే గోడను గుర్తిస్తుంది, లేకపోతే ఆక్రమణను గుర్తిస్తుంది. ఈ రెండింటి మధ్యనున్న మనిషికి పేరు లేదు.

దీని పర్యవసానం ఏ జిల్లా పట్టణంలోనైనా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మెయిన్ రోడ్డు విస్తరణ అనగానే మున్సిపాలిటీ వారు గోడల మీద ఎర్రరంగు గుర్తులు పెడతారు. వందేళ్ల నాటి మండువా ముందు భాగం, అరుగు, కొట్టు తలుపు ఆ గుర్తుకు ఇవతల పడతాయి. సగం తెగిన ఇల్లు వీధి వైపు పచ్చి ఇటుకలతో కొన్నేళ్లు నిలబడి, ఆపైన అద్దాల షాపింగ్ కాంప్లెక్స్ అవుతుంది. వాహనాల రద్దీ నిజమే. ప్రాణాలు పోయే మలుపులూ నిజమే. ఊరి బయట నుంచి బైపాస్ వేస్తే తీరే అవసరానికి కూడా ఊరి నడుమ గోడలే కొట్టడం ఎందుకన్న ప్రశ్న కౌన్సిల్ సమావేశాల్లో అరుదుగా వినిపిస్తుంది.

అడగడానికి ఆధారం ఇప్పటికే ఉంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, పట్టణ సౌందర్య, సాంస్కృతిక అంశాల పెంపుదలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. పురపాలక సంఘాలకు రాష్ట్రాలు అప్పగించదగిన బాధ్యతలవి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయ్యే దాకా ఎవరినీ తొలగించరాదని, నిర్ణయాలలో వీధి వ్యాపారులకు భాగం ఉండాలని చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివితే, పాత వీధిని తాకే ప్రతి నిర్ణయానికి ముందు అక్కడ ఎవరెవరు ఉన్నారో రాసుకోవలసిన బాధ్యత స్థానిక ప్రభుత్వానిదని తేలుతుంది. యజమానిని, అద్దెదారుని, అరుగు మీద పూలు అమ్ముకునే ఆమెను, ముగ్గురినీ.

పానామ్‌లో ఆ జాబితా రాయడం ఇక సాధ్యం కాదు. 52 ఇళ్లకూ మరమ్మతు చేయవచ్చు, పింగాణీ పెంకులు మళ్లీ అతికించవచ్చు. వెనుక బావిలో నీళ్లు తోడేవారిని తీసుకురాలేరు. జనం ఇంకా కాపురమున్న వేలాది బజారు వీధులు ఉపఖండంలో మిగిలే ఉన్నాయి. వాటి ముచ్చట కొనసాగాలంటే మొదట కాపాడవలసింది అక్కడివారి నివాస హక్కును. సున్నం, పలక రాళ్లు, దీపాల అలంకరణ దాని తరువాతి సంగతి.